లిఫ్టు మెకానిక్కు చేతిలో నాన్న కారు

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఏ మేడలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినా, లోపలున్నవాళ్ళు ముందు దేవుణ్ణి తలుచుకుని ఆ తర్వాత వాడికి ఫోన్ చేస్తారు. పని వచ్చినవాడు, కాదనను. కాకపోతే వాడి లెక్కలో లోకంలో ఉన్న వస్తువులన్నీ లిఫ్టులే, కొన్నింటికి ఇంకా ఆ సంగతి తెలియదంతే. వంటింటి తలుపుకు లిఫ్టు తలుపుకుండేలాంటి స్ప్రింగు బిగించాడు. చేతుల్లో గిన్నెలతో వచ్చే మా మరదలి వీపు మీద అది రోజూ చరుస్తూనే ఉంటుంది. ఆ పిల్ల నోట్లో నాలుక లేనిది. తలుపును గాని, మొగుణ్ణి గాని ఒక్క మాట అనదు.

అలాంటివాడి చేతిలో నాన్న కారు పడింది.

నాన్న కాటాలు బాగుచేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి కొట్లలో త్రాసులు సరిచేయడం ఆయన పని. తూకపురాళ్ళూ త్రాసు పళ్ళేలూ మోసుకు తిరగడానికని కొన్న కారు అది. గుండ్రటి వీపు, ముందు ఒకటే పొడుగు సీటు, స్టీరింగు పక్కన గేరు కర్ర. నాన్న మంచివాడే గాని, మాటలు కూడా గ్రాముల్లో తూచి వాడేవాడు. అమ్మ గుక్కతిప్పుకోకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరి దాకా మాట్లాడితే మధ్యలో ఎక్కడో ఒకసారి "ఊ" అనేవాడు. అది ఆమెకు చెప్పిన జవాబో, కారు గతుకులో పడినందుకు వచ్చిన మూలుగో మాకు తెలిసేది కాదు.

ఆ కారు విషయంలో అమ్మకు ఒకటే కడుపుమంట. ముందు తలుపు మూలన, పెద్ద కిటికీని ఆనుకుని, అరచేయంత ముక్కోణపు అద్దం ఉండేది. అటూ ఇటూ తిరిగే అద్దం. అమ్మ ఎక్కి కూర్చోగానే నాన్న ఆమె ముందునుంచి చెయ్యి చాచి ఆ అద్దాన్ని బాగా తిప్పి, "నీ తలనూనె వాసన పోవాలి" అనేవాడు. ఆ తర్వాతే బండి తీసేవాడు. అమ్మకు ఒళ్ళు మండేది. ఆ నూనె ఏదో బజారు సరుకు కాదు, పుట్టింట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ రాసుకున్నది. మాట పడలేక చివరికి అది మానేసి, ఏ వాసనా లేని నూనెకు దిగింది. అయినా నాన్న అద్దం తిప్పడం మానలేదు, ఆ మాట అనడమూ మానలేదు. "వాసన లేని నూనెకు కూడా వాసన వస్తుందేమిటే ఈ మనిషికి" అని అమ్మ నా దగ్గర వాపోయేది.

ఇంతకూ అసలు సంగతి ఏమిటంటే, అమ్మకు బండి పడదు. బస్సు గానీ, టాక్సీ గానీ, ఎవరి కారైనా సరే, వీధి మలుపు తిరిగేలోపే కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఒక్క నాన్న కార్లో మాత్రం ఏమీ అయ్యేది కాదు. పెద్దమ్మ ఉండే ఊరు ఒక పూట ప్రయాణం. అంతసేపూ కబుర్లు చెబుతూ హాయిగా వెళ్ళి వచ్చేది. నాన్న పోయాక కారు షెడ్డులో పట్టా కిందికి పోయింది. అమ్మ ప్రయాణాలూ అక్కడితో ఆగిపోయాయి.

కిందటి వానాకాలం పెద్దమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమె మంచం దిగలేదు, ఈమె బండి ఎక్కలేదు. ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అనకండి. పెద్దమ్మకు చెవులు దాదాపుగా పోయాయి. "అక్కా, నేనే" అని ఇక్కణ్ణుంచి అమ్మ అరిస్తే, "ఎవరూ" అని అక్కణ్ణుంచి ఆమె అరిచేది. ఇద్దరూ గొంతులు పోయేదాకా అలాగే అరుచుకుని ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఈమధ్య పెద్దమ్మ కోడలు ఫోన్ చేసి, "గుమ్మంలో ఎవరు నిలబడ్డా చిన్నది వచ్చిందా అని అడుగుతున్నారు పిన్నీ, పాలు పోసే ఆయన్ని కూడా అడిగారు" అని చెప్పింది. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు మొండికేసి టాక్సీ ఎక్కింది. ఊరు దాటకుండానే ఆమెను దాదాపు మోసుకుని వెనక్కి తెచ్చాం.

మంచం మీద కళ్ళు మూసుకునే, "మీ నాన్న బండి ఉంటే వెళ్ళేదాన్ని" అంది. తమ్ముడు ఆ మాట పట్టుకున్నాడు.

"బండి తీస్తానమ్మా. కాని పాతది పాతగా తియ్యను. నువ్వు కూర్చుంటే కుదుపు తెలియకూడదు, దుమ్ము రాకూడదు, చెమట పట్టకూడదు" అన్నాడు.

"అవేమీ వద్దురా. ఉన్నది ఉన్నట్టు నడిస్తే చాలు."

"నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నాడు. తెలిసినవాళ్ళందరూ అమ్మలతో అనే మాట అదే కదా.

ఇక షెడ్డులో వాడి సంసారం మొదలైంది. సెలవు దొరికితే చాలు, కారు కింద కాళ్ళు మాత్రం కనిపించేవి. ఇంట్లోంచి స్టూలు పోయింది, టార్చిలైటు పోయింది, నేను అమ్మకని కొనిచ్చిన కొత్త దుప్పటి గ్రీజు తుడవడానికి పోయింది. ముందు ఇంజను విప్పి బాగుచేశాడు. దానికి వంక పెట్టను, ఒక్క తిప్పుకే పలికింది. అక్కడితో ఆపితే వాడు మా తమ్ముడెందుకవుతాడు. పొడుగు సీటు పీకేసి మెత్తటి కొత్త సీట్లు వేశాడు. కింద స్ప్రింగులు మార్చాడు. బయటి చప్పుడు వినపడకుండా తలుపుల లోపల స్పాంజి కుక్కాడు. ఏసీ పెట్టాడు. మీట నొక్కితే దిగే కిటికీలు పెట్టాడు. అద్దానికి గులాబీ వాసన వచ్చే డబ్బా వేలాడదీశాడు. బండి వెనక ఏముందో చూడటానికి ముందొక తెర బిగించాడు. అందులో కనిపించేది మా ప్రహరీ గోడే, అయినా వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళింది. అమ్మ రోజూ చేతికర్ర పట్టుకుని షెడ్డు దాకా వచ్చి, "ఇంకా ఎన్నాళ్ళురా, అక్కడ అక్క ఎదురుచూస్తోంది" అనేది. "అయిపోవచ్చిందమ్మా" అని కారు కింద నుంచి జవాబు వచ్చేది.

మామూలు మనిషైతే ఏసీ దగ్గర ఆగేవాడు. లిఫ్టు మెకానిక్కులకు ఒక పట్టింపు ఉంది. తలుపులన్నీ మూసి ఉంటేనే లిఫ్టుకు కరెంటు పారాలి. ఆ పని చూసేందుకు ప్రతి తలుపు దగ్గరా ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని కాంటాక్టు అంటారు. ఆ కాంటాక్టును తీగముక్కతో దొంగచాటుగా కలిపేసి లిఫ్టు నడిపేవాణ్ణి వాళ్ళు మనుషుల్లో లెక్కెయ్యరు. మా తమ్ముడు కారు తలుపులన్నిటికీ కాంటాక్టులు పెట్టాడు. చల్లదనం బయటికి పోకూడదని కిటికీలకూ పెట్టాడు. ఏ ఒక్కటి తెరుచుకున్నా ఇంజను ఆగిపోతుంది. మూలనున్న ముక్కోణపు అద్దాలకు కాంటాక్టు పెట్టే చోటు లేదట, వాటిని బంక పూసి మూసేశాడు. లిఫ్టుకున్నట్టే బరువు ఎక్కువైతే చెప్పే ఏర్పాటు కూడా స్ప్రింగుల దగ్గర పెట్టాడు.

"ఊరికే ఆగిపోతే జనం కంగారు పడతారక్కా. ఎందుకాగిందో చెప్పాలి" అన్నాడు.

చెప్పడానికి వాడి పెళ్ళాం గొంతు రికార్డు చేశాడు. లిఫ్టుల్లో ఆడగొంతే ఉంటుందట. ఆ సమయానికి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అప్పుడే వంటింటి తలుపు ఆ పిల్ల వీపు మీద చరిచింది, మొగుడు మూతి దగ్గర ఫోన్ పెట్టి "చెప్పు, తొందరగా చెప్పు" అంటున్నాడు. ఆ పిల్ల చెప్పింది. ఏ గొంతుతో చెప్పిందో ప్రయాణం రోజున గాని మాకు తెలియలేదు.

ఆ రోజు పొద్దున్నే అమ్మ ఉతికిన చీర కట్టుకుని, అక్కకు కొన్న శాలువా సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. తమ్ముడు స్టీరింగు దగ్గర, పక్కన అమ్మ, వెనక మరదలు. ఇంటికి తాళం వేసి చివరగా నేను అమ్మ వెనక సీట్లో ఎక్కాను. నేను కాస్త పుష్టిగా ఉంటాను. అది నా ఇష్టం.

ముందునుంచి మా మరదలి గొంతు లేచింది. "బరువు ఎక్కువైంది. చివర ఎక్కినవాళ్ళు దిగండి."

నా పక్కనున్న అసలు మరదలి ముఖం తెల్లబోయింది. "నేను కాదు వదినా" అంది.

"నీ గొంతేగా."

"చివర ఎక్కినవాళ్ళు దిగండి" అంది కారు మళ్ళీ. పొంగిన పాల మీద కోపమంతా ఆ మాటలో ఉంది. ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్నది ఇప్పుడు బయటికొచ్చిందా అని నాకు అనుమానం వచ్చింది.

"దిగను" అన్నాను కారుతో.

"అక్కా, పద్ధతి ప్రకారం చివరివాళ్ళే..." అని తమ్ముడు నసిగాడు.

"ఒరే, నీకంటే ముందు పుట్టినదాన్ని. ఈ ఇంట్లోకి చివర వచ్చింది నువ్వు. నువ్వు దిగు."

వాడు దిగాడు. కారు నోరు మూసింది. కాని తోలేవాడు కింద నిలబడి ఉన్నాడు. కాసేపు తల గోక్కుని, డిక్కీలోంచి పనిముట్ల పెట్టె దించి ఇంట్లో పెట్టి వచ్చి ఎక్కాడు. అలా మెకానిక్కు పనిముట్లు లేకుండా బయల్దేరాడు. అది నా మూలంగానే అని ఇప్పటికీ అంటాడు. ఎవరి మూలంగానో మీరే చెప్పండి.

బండి నడక మాత్రం బాగుంది. గతుకు తెలియదు, చప్పుడు లేదు, ఊయల ఊగినట్టు పోతోంది. అదే కొంప ముంచింది. ఊరు దాటామో లేదో అమ్మ మాటలు ఆపేసింది. అమ్మ మాటలు ఆపిందంటే ఏదో మూడిందన్నమాటే. మెత్తగా ఊగే సీటు, బిగించిన అద్దాలు, చల్లటి మూసుకుపోయిన గాలి, దాంట్లో గులాబీ వాసన. నెలల తరబడి చెమటోడ్చి మావాడు నాన్న కారును అచ్చం అమ్మకు పడని కార్లలాగే తయారుచేసి పెట్టాడు.

అమ్మ మీట నొక్కింది. కిటికీ దిగింది. ఇంజను ఆగింది.

"కిటికీ మూయండి. చల్లదనం పోతోంది. ఎన్నిసార్లు చెప్పాలి" అంది కారు.

అమ్మ ఆ స్థితిలోనూ తల తిప్పింది. "ఒరే, నీ పెళ్ళాం నన్ను కిటికీ మూయమంటోంది."

"నేనేమీ అనలేదత్తయ్యా" అంది మరదలు వెనకనుంచి, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"మరి ముందు కూర్చుని కసురుతున్నదెవరు?"

ఇక అక్కణ్ణుంచి అదే వరస. కాస్త దూరం పోవడం, అమ్మ గాలికోసం కిటికీ దించడం, బండి ఆగడం, కారు కసరడం, అమ్మ ఎదురు కసరడం. అత్తాకోడళ్ళు ఇంట్లో ఏనాడూ పడని పోట్లాట ఆ రోడ్డు మీద పడ్డారు, అదీ కోడలు నోరు విప్పకుండా. ఎవరో స్కూటరాయన పక్కన ఆగి, "లోపల ఎవరో ఆవిడ తిడుతున్నారు, అంతా కులాసాయేనా" అని అడిగాడు. "మా కోడలేలే బాబూ, నువ్వెళ్ళు" అంది అమ్మ.

చివరికి రోడ్డు పక్కన నీడ చూసి ఆపాల్సి వచ్చింది. అమ్మ తలుపు తెరుచుకుని, కాళ్ళు బయటికి పెట్టి కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇక నావల్ల కాదురా. వెనక్కి తిప్పు" అంది. "అక్కకు నేను రాలేనని చెప్పండి. చెప్పినా దానికి వినపడదుగా."

నాకు తిక్క రేగింది. "ఒరే, ఆ కాంటాక్టులన్నీ పీకి పారెయ్."

"పనిముట్లు లేవక్కా. ఉన్నా పీకను. కాంటాక్టు లేకుండా నడిపితే నాకు పని నేర్పిన మేస్త్రీ నా చెయ్యి విరగ్గొడతాడు."

"మీ మేస్త్రీ పోయి ఎన్నాళ్ళయిందిరా."

"అయినా సరే" అన్నాడు. అమ్మను చూసి వాడి కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా పీకడు. అటువంటి మొండిఘటం వాడు.

ఆ గొడవలో మేం గమనించలేదు గాని, అమ్మ తలుపు దగ్గరికి లాక్కుని, అలవాటు కొద్దీ దాని మూలన చేత్తో తడుముతోంది. "ఇక్కడ చిన్నద్దం తిరిగేది కదరా. బిగుసుకుపోయిందేం?"

"అది బంక పూసి మూసేశానమ్మా. దానికి కాంటాక్టు పెట్టే చోటు లేక..." అంటూనే వాడు ఆగిపోయాడు. అద్దం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అక్కా, దానికి కాంటాక్టు లేదు."

అమ్మ ముడిలోంచి తలపిన్ను లాగి ఇచ్చాను. వాడు తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తను పూసిన బంకను తనే తిట్టుకుంటూ గీకాడు. పిన్ను వంగింది. మరదలు తన తలలోది తీసి ఇచ్చింది. అదీ వంగింది. మూడోది నాది. వాడి పనితనం అంతా ఆ బంకలోనే చూపించాడు మరి. మొత్తానికి అద్దం కిర్రుమని తిరిగింది. వాడు ఏసీ కట్టేశాడు, గులాబీ డబ్బాను నేను ఒక పాత సంచిలో కుక్కి డిక్కీలో పడేశాను.

"చాలా?" అన్నాడు అద్దం కాస్త తెరిచి.

"అంత కాదు. మీ నాన్న ఇంకా తిప్పేవాడు. ఇంకా. ఆ, అక్కడ" అంది అమ్మ.

తలుపు మూసి, బండి తీశాం. కారు ఏమీ అనలేదు. అమ్మ నుదుటి మీద వెంట్రుకలు లేచి ఎగిరాయి. కాసేపటికి కళ్ళు తెరిచింది. ఇంకాస్త దూరం పోయాక, రోడ్డు మధ్యలో సైకిలు తొక్కుతున్న ఒకాయన్ని వాళ్ళ అమ్మానాన్నలతో సహా తిట్టింది. మాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

తమ్ముడు మాత్రం మాటిమాటికీ ఆ అద్దం వైపు చెయ్యి చాపి చూస్తున్నాడు. మెకానిక్కు బుర్ర ఊరుకోదు. "అమ్మా, ఇందులో ఏదో తేడా ఉంది. వాసన బయటికి పోవాలంటే ఈ అద్దం కొంచెమే తెరవాలి. అప్పుడు లోపలి గాలిని లాగేస్తుంది. నువ్వు చెప్పినంత తిప్పితే బయటి గాలి లోపలికి కొడుతుంది. అదీ తిన్నగా నీ ముఖానికి. నా వైపు చుక్క గాలి రావట్లేదు."

"అయితే?"

"అయితే నాన్నకు దీంతో ఒరిగేదేం లేదు."

"మరి నా నూనె వాసన పడదనేవాడు?"

"ఏ నూనె వాసనమ్మా. నువ్వు వాసన లేనిది రాసుకున్నా తిప్పాడుగా."

ఒక్క ఆ కారే తనకెందుకు పడేదో అమ్మకు అప్పుడే తెలిసింది, మాకూ అప్పుడే. ఆ అరచేయంత అద్దాన్ని చూస్తూ చాలా దూరం అలాగే కూర్చుంది. తర్వాత, "ఆ ముక్క నోరు తెరిచి ఒక్కసారి చెబితే ఏం పోయేదట మనిషికి" అంది. కోపంగానే అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గాలి ఎక్కువైందేమో, అద్దం కాస్త మూయమందామా అని మరదలు నా చెవిలో అడిగింది. వద్దన్నాను.

పెద్దమ్మ గది గుమ్మంలో అమ్మ నిలబడింది. చిన్నది వచ్చిందా అని పెద్దమ్మ అడగలేదు. ఊరికే చెయ్యి చాచింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు, ఇంతకాలం ఎందుకు రాలేదని ఒకరు, చూసుకుని నడవొద్దా అని ఒకరు తిట్టుకున్నారు. తర్వాత పెద్దమ్మ అమ్మ ముఖాన్ని పరీక్షగా చూసి, "కడుపులో తిప్పలేదా ఏమిటే, తేటగా ఉన్నావు" అంది.

"గాలి తగిలిందక్కా."

"ఏమిటీ?"

"గాలి. మీ మరిది అద్దం తిప్పింది నూనె వాసనకు కాదట."

"ఎవరూ?"

"మీ మరిది. నాకు గాలి రావాలని తిప్పేవాడట."

మొగుడూ పెళ్ళాలు నలుగురిలో చెప్పుకోని మాటను అమ్మ ఆ వీధంతా వినేలా అరిచింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. అరవగా అరవగా పెద్దమ్మకు ఎక్కింది. తలగడ పక్క నుంచి ఒక సీసా తీసింది. ఆమె ఈనాటికీ ఆ పుట్టింటి నూనే రాసుకుంటుంది.

"అయితే ఇక మానడం దేనికి. తల ఇటు పెట్టు" అంది.

అమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని తల వంచింది. పెద్దమ్మ పడుకునే, పాపిట నుంచి ముడి దాకా సీసాలో సగం పట్టించింది. మిగతా సగం అమ్మ సంచిలో పెట్టింది.

ఎండ తగ్గాక తిరిగి బయల్దేరాం. తమ్ముడు తాళం పెట్టకముందే అమ్మ ముందునుంచి చెయ్యి చాచి, ఆమె చూపించినంత అద్దం తిప్పాడు. పైకి ఏమీ అనలేదు. ఎంతైనా నాన్న కొడుకే కదా. బండి వేగం అందుకోగానే గాలి అమ్మ ముఖానికి తగిలి, ఆమె తల మీదుగా ఆ నూనె వాసనంతా మోసుకొచ్చి, తిన్నగా వెనకనున్న నా ముఖానికి కొట్టింది. ఘాటంటే అలాంటి ఇలాంటి ఘాటు కాదు. అమ్మ మాత్రం కబుర్లు చెబుతూనే ఉంది. ఇల్లు చేరేసరికి నాకు తల పగిలిపోతోంది. నేను నోరెత్తలేదు.